మా తమ్ముడి మీద తెరిచిన షీట్

2002 జనవరి నుంచి 2006 చివరిదాకా మా తమ్ముడు ఆదివారం పొద్దున చర్చికి బదులు పోలీసు ఠాణాకు వెళ్ళాడు. అన్ని ఆదివారాలూ అంటే అబద్ధమవుతుంది. మామూలు నెలల్లో ఒకటో రెండో, పండగలున్న నెలల్లో అన్నీ. నేను ప్రభుత్వ ఆఫీసులో అకౌంట్సు చూసి రిటైరైన మనిషిని. ఉజ్జాయింపుగా మాట్లాడటం నాకు చేతకాదు. ఈ సంగతి చెప్పేటప్పుడు మరీ జాగ్రత్తగా ఉంటాను, ఎందుకంటే వాడికి జరిగినదంతా ఎవరో ఉజ్జాయింపుగా రాసిన నాలుగు ముక్కల వల్ల జరిగింది.

మాది గుంటూరు వైపు. నాన్న మిషన్ స్కూల్లో టీచరు. నాకు ఖైరతాబాద్‌లో ఉద్యోగం వచ్చాక అమీర్‌పేటలో ఇల్లు అద్దెకు తీసుకున్నాను. నాన్న పోయాక తమ్ముణ్ణి తెచ్చుకున్నాను. వాడు నాకన్నా పన్నెండేళ్ళు చిన్న. తనతో తెచ్చుకున్నవి ఒక ట్రంకు పెట్టె, నాన్న హార్మోనియం. నేను పెళ్ళి చేసుకోలేదు. వాడు చేసుకున్నాడు. మరదలు పంజాగుట్టలో ఒక పెద్ద ఆసుపత్రిలో నర్సు. ముగ్గురం ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి మీద బతికాం.

తమ్ముడికి మా గల్లీ మొదట్లో ఎస్టీడీ బూత్, జిరాక్స్ షాపు ఉండేవి. అమీర్‌పేటలో అప్పుడు ప్రతి మెట్ల గోడ మీదా కంప్యూటర్ కోర్సుల బోర్డులే. జిల్లాల నుంచి వచ్చిన పిల్లలు హాస్టల్లో ముగ్గురికో గది చొప్పున ఉండి, పొద్దున జావా, సాయంత్రం ఒరాకిల్ నేర్చుకుని, మధ్యలో మా వాడి షాపు ముందు వరసలో నిలబడేవారు. నోట్సు జిరాక్సు, రెజ్యూమే జిరాక్సు. వాడు ఆ రెజ్యూమేలు చదివి తప్పులు చెప్పేవాడు.

"రిఫరెన్సులు అన్నచోట ఖాళీ వదిలేశావేంటి? పెద్దవాళ్ళ పేర్లు రెండు రాయి, నాయనా. నువ్వెలాంటివాడివో కంపెనీవాడికి ఏం తెలుస్తుంది? ఆ రెండు పేర్లు చూసే కదా నమ్మేది."

ఈ మాట వాడు ఎన్నిసార్లు అన్నాడో లెక్కపెట్టలేదు గాని, సెలవు రోజుల్లో మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్ళిన ప్రతిసారీ వినేదాన్ని.

ఆదివారం మాత్రం షాపు మధ్యాహ్నం దాకా మూత. పంజాగుట్ట వైపు ఒక సందులో మా చర్చి. చిన్నది. పాస్టరు గారు ప్రసంగించే పల్పిట్‌కు ఎడమ పక్కన చాప మీద కూర్చుని తమ్ముడు హార్మోనియం వాయిస్తూ పాట ఎత్తుకుంటే సంఘమంతా అందుకునేది. వాడు చదువులో గొప్పవాడు కాదు, సంపాదనలో కాదు, చూడటానికీ సన్నగా, కొంచెం వంగి ఉండేవాడు. ఆ చాప మీద కూర్చున్న గంటన్నర మాత్రం నిటారుగా ఉండేవాడు. వాడికి ఈ ఊళ్ళో ఒక స్థానమంటూ ఉందంటే అదే.

ఇక గణపతి సంగతి. మా గల్లీలో ప్రతి చవితికీ మండపం వేసేవారు. పాల బూత్ నడిపే ఆయన దానికి పెద్ద. స్థానికుడు, నోరు పెద్దది, మనసూ పెద్దదే. 2000 సంవత్సరం ఆగస్టు ఆఖర్లో ఆయన ఒక కాగితం పట్టుకుని షాపుకు వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను.

"హార్మోనియం అన్నా, ఠాణాల అర్జీ ఇయ్యాలె. కన్వీనర్ పేరు, ఫోన్ నంబర్ అడుగుతున్నరు. పొద్దంతా ఫోన్ కాడ కూసునేటోనివి నువ్వే. నీ పేరు రాస్తున్న."

"నేను క్రిస్టియన్ని కదండీ. గణపతికి నేను కన్వీనరేంటి?"

"గణపతికి ఏం ఫికర్ లేదన్నా. పోలీసోళ్ళకు ఫోన్ ఎత్తేటోడు కావాలె, అంతే."

షాపులో ఉన్న పిల్లలంతా నవ్వారు. తమ్ముడూ నవ్వి సంతకం పెట్టాడు. ఆయన వెళ్ళాక నేను కోప్పడ్డాను.

"క్రిస్మస్‌కి స్తంభమెక్కి మన స్టార్ కట్టేది ఎవరక్కా? వాళ్ళేగా!" అన్నాడు.

అది నిజమే.

నిమజ్జనం రోజున ఊరేగింపు ఖైరతాబాద్ దారిలో ఉండగా మా గల్లీ లారీకి, వెనక వస్తున్న మరో గల్లీ లారీకి ఎవరు ముందు పోవాలన్న దగ్గర గొడవైంది. రాళ్ళు పడ్డాయి. ఒక ఆర్టీసీ బస్సు అద్దం పగిలింది, దారిన పోయే ఒకాయన చెయ్యి విరిగింది. ఆ సమయానికి తమ్ముడు షాపులో కూర్చుని ఒక పిల్లాడి ప్రాజెక్టు రిపోర్టుకు స్పైరల్ వేస్తున్నాడు. మర్నాడు పొద్దున ఠాణా నుంచి ఫోన్ వచ్చింది. వాడే ఎత్తాడు. ఎత్తడం కోసమే కదా వాడి పేరు రాసింది! పాల బూత్ ఆయనా, లారీ మీదున్న కుర్రాళ్ళూ అప్పటికే చుట్టాల ఊళ్ళకు వెళ్ళిపోయారు. అర్జీలో పేరున్నవాడు, పిలిస్తే వచ్చినవాడు మా తమ్ముడు. కేసు వాడి పేరుతో మొదలైంది.

కోర్టులో మేం కుదుర్చుకున్న వకీలు మంచివాడే. ఆయన చెప్పినదే మా కొంప ముంచింది.

"చిన్న కేసమ్మా. ఒప్పుకుంటే జరిమానా కట్టి గంటలో బయటపడతాడు. కాదంటే రెండేళ్ళు వాయిదాలు. షాపు మూసుకుని తిరగాలి."

"చెయ్యని దానికి ఒప్పుకోవడమేంటండీ?" అన్నాను.

"అందరూ చేసేదే అమ్మా. అటు చూడండి."

వరండాలో అదే పని మీద ముప్ఫైమంది దాకా నిలబడి ఉన్నారు. తమ్ముడు నా వైపు తిరిగి, "ప్రతి వాయిదాకీ షాపు కట్టెయ్యాలక్కా. ఈలోగా పిల్లలు పక్క షాపుకి అలవాటు పడిపోతారు" అన్నాడు. లోపలికెళ్ళి తల ఊపి వచ్చాడు. నిజంగానే గంటలో అయిపోయింది. దారిలో ఇరానీ హోటల్లో టీ తాగాం. కేసు తీరిపోయిందనుకున్నాం.

మరుసటి ఏడు చవితికి ముందు వాణ్ణి మళ్ళీ పిలిచారు. అంతకుముందు ఏడాది నిమజ్జనం కేసులున్న వాళ్ళందరి దగ్గరా, పండగ రోజుల్లో గొడవ చెయ్యబోమని పూచీ రాయించుకుంటున్నారు. దాన్ని బైండోవర్ అంటారు. ఇది కేసు కాదు, ముందు జాగ్రత్త మాత్రమేనని చెప్పారు. సంతకం పెట్టి వచ్చాడు. ఒప్పుకున్న కేసు ఒకటి, పూచీ ఒకటి. ఈ రెండూ కలిస్తే ఒక మనిషి అలవాటుగా నేరం చేసేవాడి కిందికి వస్తాడని మాకు తెలియదు. ఎవరూ చెప్పరు కూడా. షీట్ తెరిచేటప్పుడు నీ మీద తెరుస్తున్నామని, నీ జవాబేమిటని ఎవరూ అడగరు.

అడిగింది వేరే. 2002 సంక్రాంతి సెలవుల ముందు ఒక కానిస్టేబుల్ షాపుకు వచ్చాడు. మర్యాదస్తుడు. కుర్చీ వేస్తే కూర్చున్నాడు, టీ ఇస్తే తాగాడు. చేతిలో ఒక అచ్చు ఫారం. ఎత్తు, రంగు, పుట్టుమచ్చలు, తండ్రి పేరు, బంధువుల ఊళ్ళు, ఎక్కడెక్కడికి వెళ్తుంటాడు. బూత్ లైసెన్సు వెరిఫికేషన్ అనుకున్నాం. అప్పట్లో బూతుల వాళ్ళకు అలాంటివి ఉండేవి.

"దోస్తులెవరు సార్? ఎవరితోని ఎక్కువ తిరుగుతరు?" అని అడిగాడు.

తమ్ముడు కుర్చీలో సర్దుకున్నాడు. రోజూ పిల్లల చేత రాయించే రిఫరెన్సులే వాడి తలలో ఉన్నాయి.

"మా పాస్టరు గారు రాసుకోండి. మా చర్చి ట్రెజరర్ గారు, బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరయ్యారు. ఫోన్ నంబర్లు కూడా ఇస్తాను."

కానిస్టేబుల్ ఒక్క క్షణం వాడి మొహం చూసి, రాసుకున్నాడు.

"గల్లీల నిన్ను ఇంకేమన్న పేరుతోని పిలుస్తరా?"

"హార్మోనియం అన్న అంటారండీ" అన్నాడు, సిగ్గుపడుతూ.

అదీ రాసుకున్నాడు. అతను లేచేటప్పుడు తమ్ముడు, "బూత్ లైసెన్సు గురించే కదండీ?" అన్నాడు.

"కాదు సార్. రౌడీ షీట్."

వాణ్ణి పోలీసు వాళ్ళెవరైనా సార్ అనడం అదే ఆఖరు.

ఆదివారం హాజరు అక్కణ్ణుంచి మొదలైంది. షీట్ ఉన్నవాళ్ళందరినీ ఠాణా ఆవరణలో వరసగా నిలబెట్టి సత్ప్రవర్తన గురించి చెప్పేవారు. అందరికీ సెలవు కాబట్టి ఆదివారం. మా ప్రార్థన వేళా అదే. మొదటిసారి వెళ్ళివచ్చి అన్నం దగ్గర కూర్చుని జరిగింది చెప్పాడు. ఇన్‌స్పెక్టరు ఒక్కొక్కరి పేరూ చదివి, మనిషిని ముందుకు పిలిచాడట.

"అలియాస్ హార్మోనియం. ఎవడ్రా? నేనేదో కత్తి పేరనుకున్న. ఏం జేస్తవ్?"

"జిరాక్స్ షాపు సార్. చర్చిలో పాటలు పాడతాను."

"పాటలా? పాడు మరి. విందాం."

పాడాడట. నాన్న నేర్పిన ప్రార్థన పాట. మొదట నవ్విన వాళ్ళు రెండో చరణానికి ఊరుకున్నారట. బయటికి వచ్చాక బుగ్గ మీద కత్తి గాటున్న ఒక మనిషి, "మంచిగ పాడినవన్నా. మా అమ్మ పోయిననాడు మా ఇంట్ల సుత ఇట్లనే పాడిన్రు" అన్నాడట. ఇదంతా వాడు తమాషాగా చెప్పాలని చూశాడు. మరదలు కలిపిన అన్నం కంచంలోనే వదిలి లేచిపోయింది.

అప్పటికింకా చర్చిలో వాడి చోటు వాడికే ఉంది. రాగలిగిన ఆదివారం వచ్చి వాయించేవాడు. ఆ ఏడు చవితికి అది కూడా పోయింది.

పండగ ముందు షీట్ ఉన్నవాళ్ళతో పాటు వాళ్ళ సహచరులనీ ఒకసారి కదిలించి చూస్తారు. ఫారంలో సహచరుల గడిలో ఉన్నవి మా పాస్టరు గారి పేరు, ట్రెజరర్ గారి పేరు. పాస్టరు గారింటికి ఇద్దరు వచ్చి వాకిట్లో నిలబడి, హార్మోనియం ఎక్కడున్నాడో చెప్పమన్నారు. ట్రెజరర్ గారిని ఠాణాకే పిలిచారు. ఆయన సఫారీ సూట్ వేసుకుని వెళ్ళి, బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చుని, అటునుంచి అటే మా ఇంటికి వచ్చారు.

"రౌడీ షీట్లో నా పేరేంటి బాబూ? నేను నీకేం అపకారం చేశాను?"

"మంచివాళ్ళ పేర్లు చెప్తే నా మీద నమ్మకం కలుగుతుందని చెప్పానండీ" అన్నాడు తమ్ముడు.

ఆయన మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు. నేను నాకు తెలిసిన వరస ప్రకారం, అర్జీ నుంచి ఫారం దాకా అన్నీ చెప్పాను. విన్నారు. విని, "మీరు చెప్పేది నిజమే కావచ్చు. కానీ కోర్టులో ఒప్పుకున్నాడు కదమ్మా" అన్నారు.

మరుసటి నెల చర్చి కమిటీ తీర్మానం చేసింది. ఎవరూ కఠినంగా మాట్లాడలేదు. పాస్టరు గారే తమ్ముడి భుజం మీద చెయ్యి వేసి, "కొన్నాళ్ళు వెనక కూర్చోండి. ఆదివారాలు రావడం కూడా తగ్గింది కదా. సంఘంలో అనుకుంటున్నారు" అన్నారు. ఆదివారాలు ఎందుకు తగ్గాయో ఆయనకు తెలుసు. ఠాణాకు రాకపోతే వారెంటు, చర్చికి రాకపోతే భక్తి లేదన్న మాట. వాడు ఒకే పొద్దున రెండుచోట్ల ఎలా ఉంటాడు? అడిగితే బాగుండదని అడగలేదు. హార్మోనియం స్థానంలో కీబోర్డు వచ్చింది. హైటెక్ సిటీలో ఉద్యోగం చేసే కుర్రాడొకడు వాయించేవాడు. బాగానే వాయించేవాడు.

నేను తిరగడం మొదలుపెట్టాను. నా వయసు, తెల్ల జుట్టు చూసి లోపలికి రానిచ్చేవారు. ఏడాదికోసారి షీట్లన్నీ చూసి, కొత్త కేసులు లేనివి మూసెయ్యాలని ఒక నియమం ఉందని తెలుసుకున్నాను. అది పట్టుకుని ఠాణాలో రాతకోతలు చూసే రైటర్ దగ్గరికి వెళ్ళాను.

"కొత్త కేసు లేదు కదా బాబూ. ఇంకా ఎందుకుంచారు?"

"లేదమ్మా, నాకు ఎరుకే. మీ తమ్ముడు చీమకు సుత అన్యాయం జెయ్యడు. కానీ తెరుసుడు అల్కగ ఉంటది, మూసుడే కష్టం. మూసినంక రేపు ఏదన్న అయిందనుకో, ఎవడు మూసిండ్రా అని అడుగుతరు. ఉంచినందుకు ఎవడూ అడగడు."

అంత నిజాయితీగా నాతో ఇంకెవరూ మాట్లాడలేదు. ఎస్సైలు మారేవారు. ప్రతి కొత్తాయనా, నేను కొత్తగా వచ్చాను, కొంతకాలం గమనించనివ్వండి అనేవాడు. గమనించడం పూర్తయ్యేసరికి బదిలీ. డిసెంబరు రాగానే 'కదలికలపై నిఘా అవసరం' అన్న మాట రాసి మరో ఏడు పొడిగించేవారు. ఏ కదలికలు? ఇంటి నుంచి షాపుకు, షాపు నుంచి ఠాణాకు. ఈలోగా సెల్‌ఫోన్లు వచ్చి బూత్ మూతపడింది. జిరాక్సు మిషన్ ఒక్కటి మిగిలింది. షాపు యజమాని ఖాళీ చెయ్యమనలేదు గాని అద్దె మాట్లాడటానికి వాడి దగ్గరికి రావడం మాని, నా దగ్గరికి రావడం మొదలుపెట్టాడు.

పాల బూత్ ఆయన ఒకరోజు నా ముందు నిలబడి ఏడ్చాడు. "అమ్మా, గా సంతకం నేనే పెట్టుకోవాల్సింది" అన్నాడు. స్టార్ మాత్రం ప్రతి క్రిస్మస్‌కీ ఆయనే వచ్చి కట్టించాడు. ఇది కూడా రాయాలి.

2006 డిసెంబరులో షీట్ మూశారు. నా అర్జీల వల్ల కాదు. షీట్లు మరీ ఎక్కువయ్యాయి, తగ్గించండని పైనుంచి మాట వచ్చిందట. అలా తగ్గించినవాటిలో వాడిదొకటి. కబురు చెప్పిన కానిస్టేబుల్‌ని కాగితం అడిగాను.

"కాయితమియ్యరమ్మా. మూసిండ్రంటే మూసిండ్రు. మరి తెరిసినప్పుడు ఇచ్చిన్రా?"

తమ్ముడు ఆ రాత్రి ట్రంకు పెట్టె మీంచి హార్మోనియం దించి దుమ్ము తుడిచాడు. రెండు మెట్లు పలకలేదు. పుల్లతో, గుడ్డపీలికతో ఏదో చేసి పలికించాడు.

జనవరిలో మొదటి ఆదివారం ముగ్గురం చర్చికి వెళ్ళాం. పాత పాస్టరు గారు బదిలీ అయి కొత్తాయన వచ్చారు. యువకుడు, ఉత్సాహవంతుడు. తలుపు దగ్గరే తమ్ముడి రెండు చేతులూ పట్టుకున్నారు.

"మీ గురించి విన్నాను బ్రదర్. దేవుడు గొప్ప కార్యం చేశాడు. ఇవాళ మీరు సాక్ష్యం చెప్పాలి. వచ్చే వారం నుంచి మీ హార్మోనియం, మీ చాప మీకే."

మా సంఘంలో పాటల తర్వాత, వాక్య ప్రసంగానికి ముందు సాక్ష్యాల వేళ ఉంటుంది. జబ్బు తగ్గినవాళ్ళు, ఉద్యోగం దొరికినవాళ్ళు, తాగుడు మానినవాళ్ళు లేచి తమకు జరిగిన మేలు చెప్తారు. షీట్ మూసిన మేలు చెప్పమంటున్నారనే తమ్ముడూ, నేనూ అనుకున్నాం. వాడి మొహం వెలిగింది. ఆ వేళ రాగానే పాస్టరు గారు ముందుకు వచ్చారు.

"ఒకప్పుడు రౌడీగా తిరిగి, పోలీసు రికార్డులకెక్కిన సహోదరుడు ఈరోజు మారిన మనిషిగా మన మధ్యకు వచ్చాడు. వీధుల్లో రాళ్ళు విసిరిన చేతులతో దేవుణ్ణి స్తుతించబోతున్నాడు. ఆయన నోటి వెంటే విందాం."

అందరూ స్తోత్రం అన్నారు. ట్రెజరర్ గారు కూడా అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి. నిజమైన సంతోషమే అది. వాళ్ళు వాణ్ణి క్షమించడానికి సిద్ధపడి వచ్చారు.

తమ్ముడు లేచాడు. ముందున్న బెంచీ కర్రను రెండు చేతులా పట్టుకున్నాడు. పక్కన మరదలు తల వంచుకుని కొంగు చివర చుడుతోంది. ఒక్క మాట. అవునండీ, మారాను అంటే చాలు. గంటలో అయిపోతుంది.

"నేను మారలేదండీ" అన్నాడు. "అప్పుడెలా ఉన్నానో ఇప్పుడూ అలాగే ఉన్నాను."

కూర్చున్నాడు.

సంఘానికి వినిపించింది వేరు. పశ్చాత్తాపం లేని మనిషి మాట అది. పాస్టరు గారు తడబడి, తేరుకుని, "ఈ సహోదరుడి హృదయం కోసం ప్రార్థన చేద్దాం" అన్నారు. సంఘమంతా కళ్ళు మూసుకుని మా తమ్ముడి కోసం ప్రార్థించింది. వాడు కళ్ళు తెరిచే ఉన్నాడు. నేనూ తెరిచే ఉన్నాను, అందుకే తెలుసు.

అమీర్‌పేట దాకా నడిచే వచ్చాం. పంజాగుట్ట చౌరస్తాలో ఫ్లైఓవర్ పనుల దుమ్ము. ఆ గోలలో వాడేదో అన్నాడు. నాకు వినపడక మళ్ళీ అడిగాను.

"కోర్టులో ఒకసారి ఒప్పుకున్నాను కదక్కా" అన్నాడు. "అక్కడ నన్నెరిగినవాళ్ళు లేరు. ఇక్కడ ఎలా ఒప్పుకుంటాను?"

ఆ తర్వాత వాడు ఆ చర్చికి వెళ్ళలేదు. వేరే చర్చికి రమ్మంటే నవ్వి ఊరుకునేవాడు. ఆదివారం పొద్దున అలవాటు ప్రకారం లేచి, స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని షాపు తెరిచేవాడు. ఇంట్లో ఎప్పుడైనా వాయించేవాడు గాని గొంతు కలిపేవాడు కాదు. ఆ 2002 నుంచి లెక్క చూస్తే, మా తమ్ముడు ఒంటరిగా నిలబడి పాడుతుండగా పదిమంది మౌనంగా విన్నది ఒక్కసారే. అది ఠాణా ఆవరణలో.